కంటి వెంట నీళ్ళు కారుతుంటే అది పొడిబారిన కన్ను ఎలా అవుతుంది?

ప్రశ్న అడిగినవారు: తిరుచానూరు వాసి

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్ళు. తిరుపతిలో ఒక టోకు వ్యాపారి దగ్గర పద్దులు రాసే పని చేస్తున్నాను. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడు గంటల దాకా, మధ్యాహ్నం భోజనానికి లేచే అరగంట తప్ప, కంప్యూటరు ముందే కూర్చుంటాను. నా కుర్చీకి సరిగ్గా ఎదురుగా ఏసీ ఉంది. తిరుచానూరు నుంచి రోజూ స్కూటరు మీద వచ్చి వెళ్తాను.

నాలుగు నెలలుగా నా కళ్ళు నన్ను బాగా ఇబ్బంది పెడుతున్నాయి. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుని ఉంటాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి, సాయంత్రానికి మంట మొదలవుతుంది, స్క్రీను మీద అంకెలు మసకబారి రెండుమూడు సార్లు రెప్ప కొట్టాక మళ్ళీ స్పష్టంగా కనిపిస్తాయి. స్కూటరు మీద గాలి తగిలితే మాత్రం రెండు కళ్ళ నుంచీ నీళ్ళు ధారగా కారిపోతాయి. మొదట అద్దాల నంబరు మారిందేమోనని కొత్త కళ్ళజోడు చేయించుకున్నాను, తేడా లేదు. తరువాత మెడికల్ షాపులో అడిగితే ఒక చుక్కల మందు ఇచ్చారు. వేసుకున్న రెండో రోజుకే ఎరుపు పోయి కళ్ళు హాయిగా అనిపించాయి, ఆపిన వారానికి మళ్ళీ మొదలైంది, మళ్ళీ అదే సీసా కొన్నాను. అలా ఆపుతూ వేస్తూ దాదాపు ఐదు వారాలు గడిచాయి.

చివరికి పోయిన నెల కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కింది రెప్పలో చిన్న కాగితపు పట్టీ పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు, పసుపురంగు మందు వేసి నీలి వెలుతురులో చూశారు. చీటీలో షిర్మర్ 14 అని, దాని కింద టియర్ బ్రేకప్ టైమ్ 4 సెకన్లు అని రాసి, కళ్ళు పొడిబారాయని చెప్పి, రోజుకు నాలుగుసార్లు వేసుకునేందుకు కృత్రిమ కన్నీళ్ళ చుక్కలు ఇచ్చారు. వెనుక చాలామంది ఎదురుచూస్తున్నందువల్ల అడగాలనుకున్నవేవీ అడగలేకపోయాను.

నీళ్ళు ఇంతగా కారే కన్నును పొడి కన్ను అని ఎలా అంటారు? ఈ చుక్కలు జీవితాంతం వేసుకోవలసిందేనా? ఇంట్లో మా అమ్మ తేనె చుక్క వేయమంటున్నారు, పడుకునే ముందు నందివర్ధనం పూలు పెట్టుకోమంటున్నారు. అవి చేయవచ్చా? మంట పుట్టినప్పుడల్లా కుళాయి నీళ్ళతో కళ్ళు కడుక్కుంటున్నాను, రోజుకు ఏడెనిమిదిసార్లు అవుతుంది. తుమ్ములు ఉన్నందువల్ల ఏడాదిగా రాత్రి ఒక సెట్రిజిన్ మాత్ర వేసుకుంటున్నాను. వేరే జబ్బులు లేవు. తెలిసినవారు కాస్త వివరంగా చెబితే రుణపడి ఉంటాను.


సమాధానం: చిత్తూరు ఆప్టోమెట్రిస్టు

అమ్మా, నేను చిత్తూరులో 18 ఏళ్ళుగా కంటి పరీక్షలు చేస్తున్నాను. డాక్టరును కాను కాబట్టి మందులు మార్చమని చెప్పను. కానీ మీ చీటీలోని ఆ రెండు అంకెలకు అర్థం తెలిస్తే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

కంటి మీద ఎప్పుడూ ఉండే తడి వట్టి నీరు కాదు. నల్లగుడ్డుకు అంటిపెట్టుకుని జిగురులాంటి మ్యూసిన్, దానితో కలిసిపోయి నీటి భాగం, అన్నిటికంటే పైన అతి పలుచని నూనె పొర ఉంటాయి. పాల మీద మీగడ కట్టినప్పుడు కింది పాలు త్వరగా ఆవిరికానట్లే, ఈ నూనె పొర కింది నీటిని కాపాడుతుంది. ఆ నూనె రెప్పల అంచుల్లో వరుసగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. 1666లో వాటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరే వాటికి నిలిచిపోయింది. మనం రెప్ప పూర్తిగా మూసిన ప్రతిసారీ ఆ గ్రంథుల మీద కొద్దిగా ఒత్తిడి పడి, కొంచెం నూనె బయటికి వచ్చి, రెప్ప తెరుచుకునేటప్పుడు కంటి మీద పరుచుకుంటుంది.

కాగితపు పట్టీ పరీక్ష నీటి భాగాన్ని కొలుస్తుంది. ఐదు నిమిషాల్లో పట్టీ 10 మిల్లీమీటర్లకు పైగా తడిస్తే నీరు సరిపడా ఉన్నట్టు, 5 లేదా అంతకంటే తక్కువ అయితే బాగా తగ్గినట్టు లెక్క. మీకు 14 వచ్చింది, అంటే మీకు నీటికి కొరత లేదు. రెండోది, పసుపు రంగు వేసి చూసినది, మీరు రెప్ప కొట్టకుండా ఉంటే ఆ తడి పొర ఎన్ని సెకన్లకు చిట్లిపోతుందో చెబుతుంది. 10 సెకన్లకు తక్కువైతే పొర నిలకడగా లేదని అర్థం. మీకు నాలుగు సెకన్లకే చిట్లిపోతోంది. నీరు ఉండి కూడా నిలవడం లేదంటే పైనున్న నూనె సరిగ్గా అందడం లేదని అనుమానించాలి. పొడి కళ్ళలో ఎక్కువమందికి ఉండేది ఈ రకమే.

ఇప్పుడు నీళ్ళు కారడం సంగతి. పొర చిట్లిన చోట నల్లగుడ్డు నేరుగా గాలికి తగులుతుంది. శరీరంలో నాడులు అతి దట్టంగా ఉండే చోట్లలో అది ఒకటి కాబట్టి, అక్కడి నుంచి మెదడుకు వెంటనే కబురు వెళ్ళి, ఉల్లిపాయ కోసినప్పుడు వచ్చినట్లే పెద్ద గ్రంథి నుంచి ఒక్కసారిగా నీరు విడుదలవుతుంది. ఆ నీటిలో నూనె సరిపడా లేనందువల్ల అది కంటి మీద నిలవక చెంప మీదికి జారిపోతుంది, కన్ను మళ్ళీ ఆరిపోతుంది. స్కూటరు మీద మీకు జరుగుతున్నది ఇదే. మీరు కుళాయి నీళ్ళతో పదేపదే కడిగినప్పుడు ఉన్న కొద్దిపాటి నూనె కూడా కొట్టుకుపోతుంది. దయచేసి ఆ అలవాటు ముందు మానండి. పొద్దున, రాత్రి ముఖం కడుక్కునేటప్పుడు రెప్పలు మూసుకుని కడగడం చాలు.

కంప్యూటరు పని ఇంకో పెద్ద కారణం. మాట్లాడుకుంటూ కూర్చున్నప్పుడు మనిషి నిమిషానికి సుమారు 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు. స్క్రీను మీద చూపు నిలిపినప్పుడు అది సగానికీ, కొందరిలో మూడోవంతుకూ పడిపోతుంది. దానికి తోడు, వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. పైరెప్ప సగం దాకా దిగి వెనక్కి పోతుంది, నూనె గ్రంథులు నొక్కుకోవు. అందుకే 20 నిమిషాలకు ఒకసారి 20 సెకన్ల పాటు 20 అడుగుల దూరం చూడమని చెప్పేటప్పుడు నేను ఇంకొక మాట చేరుస్తాను: ఆ 20 సెకన్లలో పది సార్లు, రెండు రెప్పలూ మెత్తగా తగిలేలా, నెమ్మదిగా మూసి తెరవండి. మానిటరు పై అంచు మీ కంటి ఎత్తుకు కాస్త కింద ఉండేలా దించండి. చూపు కిందికి ఉన్నప్పుడు కన్ను తక్కువగా తెరుచుకుంటుంది, ఆరిపోయే మేర తగ్గుతుంది. ఏసీ రెక్కలను పైకి తిప్పించడమో, మీ కుర్చీ పక్కకు జరపడమో ఏదో ఒకటి మీ యజమానిని అడిగి తప్పక చేయించుకోండి.

రెప్పల నూనెకు వేడి కాపడం చాలా అవసరం. చలికాలంలో సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనెను ఎండలో పెట్టినట్లే, గ్రంథుల నోళ్ళలో గట్టిపడిన నూనెను వెచ్చదనంతో కరిగించాలి. శుభ్రమైన గుడ్డను వేడినీళ్ళలో ముంచి పిండి, మణికట్టు లోపలి వైపు పెట్టుకుని చూసి, ఓర్చుకోగలిగిన వెచ్చదనం ఉన్నప్పుడు మూసిన రెప్పల మీద పెట్టుకోండి. తడిగుడ్డ ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది కనుక మళ్ళీ మళ్ళీ ముంచుతూ మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు ఆ వేడి నిలపాలి. చాలామంది ఒక్కసారి పెట్టి తీసేసి ఫలితం లేదంటారు, లోపం అక్కడే ఉంటుంది. తరువాత వేలితో పైరెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు నెమ్మదిగా నిమరండి. గుడ్డును నొక్కకూడదు. చివరగా కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదితో రెప్పల అంచులు తుడవండి. మొదట్లో రోజుకు రెండుసార్లు, నెల దాటాక ఒకసారి చేసినా చాలు. వారంలో గుణం కనిపించదు, నెలన్నర అయినా ఓపిక పట్టాలి.

సెట్రిజిన్ వంటి తుమ్ముల మాత్రలు కన్నీటిని తగ్గించగలవు. ఏడాదిగా రోజూ వేసుకుంటున్నానన్న మాట మీ డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే చెప్పండి, అవసరాన్ని బట్టి వారు వేరే దారి చూస్తారు. కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలు, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్, కొన్ని రక్తపోటు మందులు కూడా ఇలాగే చేస్తాయి కనుక, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళడం మంచిది.

మెడికల్ షాపులో ఇచ్చిన ఆ మొదటి సీసా గురించే నాకు దిగులుగా ఉంది. దాని మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, ఇలాంటి పేరు ఏదైనా ఉందేమో చూసి రాయండి.


సమాధానం: పూతలపట్టు వైపు చెరకు రైతు కొడుకు

అక్కా, పైన చెప్పిన సార్ గారి చివరి మాట చదివాక నేను రాయకుండా ఉండలేకపోయాను. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాకు చెరకు ఉంది, బెల్లం గానుగ కూడా ఉండేది. చెరకు ఆకు అంచు రంపంలాగా ఉంటుందని మా వైపు అందరికీ తెలుసు. ఒక ఏడాది కోతల సమయంలో ఆకు కొస మా నాయన ఎడమ కంటికి తగిలింది. ఆ రోజు కొద్దిగా ఎరుపు, నీరు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఊళ్ళో ఒక పెద్దావిడ ఆకు పసరు పిండితే అది వేసుకున్నారు. రెండో రోజు నొప్పి పెరిగితే మెడికల్ షాపు నుంచి చుక్కల మందు తెచ్చుకున్నారు. అది వేసిన రోజు నొప్పి తగ్గింది, అందుకే మేమంతా ధైర్యపడ్డాం. ఆరో రోజుకు నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్లమచ్చ కనిపించింది.

ఆసుపత్రిలో చూసి, ఆకుతో పాటు లోపలికి చేరిన బూజు నల్లగుడ్డును పుండు చేసిందని, మేము వేసిన చుక్కల్లో స్టిరాయిడ్ ఉన్నందువల్ల నొప్పి, ఎరుపు అణగిపోయి పుండు మాత్రం లోపల పెరుగుతూ పోయిందని చెప్పారు. బూజుకు వాడే నాటమైసిన్ చుక్కలు గంటకొకసారి, రాత్రుళ్ళు కూడా లేచి వేయవలసి వచ్చింది. మా అమ్మ, నేను వంతులు వేసుకుని అలారం పెట్టుకుని మేల్కొన్నాం. కన్ను నిలిచింది, కానీ మచ్చ మిగిలిపోయింది, ఆ కంటితో నాయనకు ఎదుటి మనిషి ఆకారం తప్ప ముఖం తెలియదు. మచ్చ దట్టంగా ఉంటే మరొకరు దానం చేసిన నల్లగుడ్డు పొర అమర్చాలంటారు. శ్రీకాళహస్తిలో కన్నప్ప తన కన్ను పెకలించి శివుడికి అమర్చిన కథ వింటూ పెరిగిన ప్రాంతం మనది. చనిపోయాక ఆరు గంటల లోపల కళ్ళు సేకరించగలిగేలా వెంటనే తెలియజేస్తే సరిపోయే నేత్రదానానికి ఇంటింటా వెనుకాడడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మీ కంటికి దెబ్బ తగలలేదు కాబట్టి భయపడకండి. అయినా తేనె మాత్రం వేయకండి. తేనె అయినా, ఆముదం అయినా, పసరు అయినా, తల్లిపాలు అయినా, అందులో ఏ క్రిమి ఉందో మనకు తెలియదు, కంటికి అది సరాసరి దారి అవుతుంది. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద చల్లగా ఉంటాయని మా అవ్వ కూడా పెట్టేది. కడిగి, కన్ను మూసుకుని పైన పెట్టుకుంటే హాని ఏముంటుందో నాకు తెలియదు, సార్ గారే చెప్పాలి. ఇంకొక్క మాట, పిల్లలున్న ఇళ్ళవాళ్ళందరికీ: తాంబూలంలోకి తెచ్చే సున్నం పొట్లాలు, డబ్బాలు పిల్లలకు అందకుండా పెట్టండి. సున్నం కంట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందే, ఉన్నచోటనే శుభ్రమైన నీళ్ళు ధారగా పోస్తూ పావుగంటకు తగ్గకుండా కడగాలి. అక్క కన్ను విషయంలో కడగవద్దన్నారు కదా అని దీన్ని దానితో కలపకండి. గానుగ దగ్గర పిప్పి పొగలో పనిచేసేవాళ్ళకూ కళ్ళ మంట మామూలే, నాయన ఇప్పుడు పక్కలు మూసి ఉండే సాదా అద్దాలు లేకుండా తోటలోకి అడుగు పెట్టరు.


సమాధానం: శ్రీకాళహస్తి విశ్రాంత ఉపాధ్యాయిని

అమ్మాయీ, నీకంటే నేను పన్నెండేళ్ళు పెద్దదాన్ని కనుక చనువుగా రాస్తున్నాను. నాది నీకు పూర్తిగా విరుద్ధమైన కథ. నాకు కాగితపు పట్టీ 3 మిల్లీమీటర్లే తడిసింది. నీకు నూనె చాలడం లేదు, నాకు నీరే ఊరడం లేదు. ఇద్దరి జబ్బునూ పొడి కళ్ళనే అంటారు, కానీ నాకు సరిపడిన వైద్యం నీకు సరిపడదు. అందుకే పక్కింటివారి చుక్కలు మనం తెచ్చుకోకూడదు.

మూడేళ్ళ పాటు నేను కళ్ళకు మాత్రమే చూపించుకున్నాను. ఇడ్లీ తినాలన్నా గుక్క గుక్కకూ నీళ్ళు కావలసి వచ్చేది. తరగతిలో పావుగంట పాఠం చెబితే నాలుక అంగిటికి అంటుకునేది. వేళ్ళ కణుపులు పొద్దున పూట బిగుసుకునేవి, పళ్ళు ఒకటొకటిగా పుచ్చిపోయాయి. ఇవన్నీ వయసు వల్ల వచ్చినవని నేననుకున్నానే గానీ, కళ్ళకూ వీటికీ సంబంధం ఉంటుందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి ఒక డాక్టరమ్మ నోరు పొడిబారుతోందా అని అడిగి, రక్తపరీక్షలు చేయించి, షోగ్రెన్ జబ్బు అని తేల్చారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే జబ్బు ఇది. 1933లో దీన్ని విపులంగా వివరించిన స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ పేరుతో పిలుస్తున్నారు. మగవారికంటే ఆడవారికే చాలా ఎక్కువగా వస్తుంది, అదీ ఎక్కువగా నడివయసులో. నీకు నోరు పొడిబారడం, కీళ్ళ నొప్పులు ఉన్నాయా? లేకపోతే మంచిదే. ఉంటే మాత్రం దాచుకోకుండా డాక్టరుకు చెప్పు. నెలసరి ఆగిపోయే వయసులో హార్మోన్లు మారినందువల్ల కూడా కళ్ళు పొడిబారుతాయి, దాని గురించి మాట్లాడడానికి మనం సిగ్గుపడతాం, అది తగదు.

నాకు కన్నీరు బయటికి పోయే సన్నని రంధ్రాలకు చిన్న బిరడాలు పెట్టారు. ఊరే కొద్దిపాటి నీరు ముక్కులోకి జారిపోకుండా కంటిలోనే నిలవడానికి అవి పనికివచ్చాయి. రోజంతటిలో ఎనిమిదిసార్లు చుక్కలు వేసుకోవలసిన మనిషిని కాబట్టి నిల్వ మందు కలపని చిన్న గొట్టాలు వాడుతున్నాను. మామూలు సీసాల్లో క్రిములు పెరగకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఎక్కువసార్లు పడితే అదే కంటిని ఒరిపిడి చేస్తుందని చెప్పారు. రోజుకు నాలుగుసార్లు వేసుకునే నీకు అంత చింత అవసరం లేదేమో, ఆ సంఖ్య పెరిగితే మాత్రం అడుగు.

గాలి విషయంలో జాగ్రత్తగా ఉండు. పడుకున్నప్పుడు ఫ్యాను గాలి ముఖం మీద పడకుండా మంచం జరుపుకో. కొందరికి నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడవు, వాళ్ళకు పొద్దుటి పూటే బాధ ఎక్కువగా ఉంటుంది, మీ ఇంట్లోవాళ్ళను ఒకసారి గమనించమను. హెల్మెట్టు అద్దం ఎప్పుడూ దించుకునే నడుపు. ఏప్రిల్, మే నెలల వడగాలిలో అద్దం లేకుండా స్కూటరు మీద వెళ్ళడం ఈ జబ్బున్న వాళ్ళకు కూడని పని. అలిపిరి మెట్ల దారిన కొండెక్కినప్పుడు కూడా నేను చెంపల దాకా వంగి ఉండే అద్దాలు పెట్టుకునే ఎక్కుతాను.

చేపనూనె గొట్టం మాత్రలు కొనమని నీకు కూడా ఎవరో ఒకరు చెబుతారు. నేను ఏడాది పాటు చాలా డబ్బు పెట్టి వాడాను. 2018లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో చేపనూనెలో ఉండే ఒమేగా-3 అనే కొవ్వును రోజుకు 3,000 మిల్లీగ్రాములు తీసుకున్నవారికీ, ఆలివ్ నూనె మాత్రలు తీసుకున్నవారికీ పొడి కళ్ళ బాధలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని తరువాత తెలిసింది. పొన్నగంటాకు, మునగాకు తప్పక తిను, అవి మంచి ఆహారం. కానీ విటమిన్ ఏ లోపించిన పిల్లలకు వచ్చే రేచీకటి, కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు వేరు, తిండికి లోటు లేని నీ కళ్ళ మంట వేరు. ఆకుకూర తిన్నాం కదా అని రెప్పల కాపడం మానకు.


సమాధానం: రేణిగుంట కంప్యూటరు ఉద్యోగి

నేను నీలికాంతిని ఆపే అద్దాలు పెట్టుకుంటే చాలని నమ్మి రెండు జతలు చేయించుకున్నాను. కళ్ళ అలసట తగ్గలేదు. 2023లో కాక్రేన్ సంస్థ పాత ప్రయోగాలన్నిటినీ కలిపి పరిశీలించినప్పుడు, కంప్యూటరు పని వల్ల వచ్చే కంటి అలసటను ఆ అద్దాలు మామూలు అద్దాల కంటే ఎక్కువగా తగ్గిస్తాయని తేలలేదు. నాకు మేలు చేసింది రెండే: రెప్ప పూర్తిగా వేయడం నేర్చుకోవడం, కాంటాక్టు లెన్సులు పెట్టుకునే గంటలు తగ్గించుకోవడం. లెన్సులు వాడే మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, వాటిని కుళాయి నీటితో కడగవద్దని, పెట్టుకుని నిద్రపోవద్దని వేడుకుంటున్నాను. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి వల్ల నల్లగుడ్డుకు వచ్చే జబ్బు నయం కావడానికి నెలలు పడుతుంది.


ప్రశ్న అడిగినవారు: తిరుచానూరు వాసి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ నా నమస్కారాలు. ఆ పాత సీసా చెత్తబుట్టలో పడకుండా అలమారలోనే ఉంది. దాని మీద ఒక యాంటీబయాటిక్ పేరుతో పాటు డెక్సామెథాసోన్ అని ఉంది. చెరకు తోట అన్నయ్య రాసింది చదివి నా గుండె ఝల్లుమంది. నేను వేసిన ఐదు వారాల వల్ల ఏమైనా జరిగి ఉంటుందా? ఇప్పుడైతే చూపు మామూలుగానే ఉంది, నొప్పి లేదు.

టీచరమ్మ గారూ, నోరు పొడిబారడం లేదు, కీళ్ళు బాగానే ఉన్నాయి. నెలసరి ఏడాదిగా క్రమం తప్పింది, ఈసారి డాక్టరుకు ఆ మాట చెబుతాను. కుళాయి నీళ్ళు మానేసి నాలుగు రోజులైంది. మంట పుట్టినప్పుడు చేయి అలవాటుగా కుళాయి వైపే పోతోంది, ఆపుకుంటున్నాను. ఏసీ రెక్కలు పైకి తిప్పించారు. కాపడం రెండు పూటలా మొదలుపెట్టాను. మా నాన్నకు చక్కెర జబ్బు ఉంది, నాకు ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు, అది కూడా దీనికి కారణం కావచ్చా?


సమాధానం: చిత్తూరు ఆప్టోమెట్రిస్టు

అమ్మా, డెక్సామెథాసోన్ స్టిరాయిడే. అది వేసినప్పుడు మంట, ఎరుపు చప్పున తగ్గడం వల్లనే మీకు అంత హాయి కలిగింది, పొర చిట్లిపోవడానికి ఉన్న కారణం మాత్రం అలాగే ఉండిపోయింది. స్టిరాయిడ్ చుక్కలు డాక్టర్లు కూడా కొన్ని జబ్బులకు, కొన్నిసార్లు పొడి కళ్ళకే, కొద్ది రోజుల పాటు ఇస్తారు, కానీ తేదీలు రాసి, మధ్యలో కంటి ఒత్తిడి చూస్తూ ఇస్తారు. వారాల తరబడి వేసుకుంటే కొందరిలో ఆ ఒత్తిడి పెరిగి నీటికాసుల జబ్బుకు దారితీస్తుంది, ఇంకా ఎక్కువ కాలమైతే శుక్లం కూడా రావచ్చు. ఒత్తిడి పెరిగినప్పుడు చాలామందికి నొప్పి ఉండదు, ఎదుటి చూపు చివరి దాకా బాగానే ఉంటుంది కనుక, చూపు మామూలుగా ఉందన్న ధైర్యంతో ఆగిపోకండి. సాధారణంగా కంటి ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. కొలవడానికి కొద్ది నిమిషాలు చాలు. మందు ఆపాక చాలామందిలో తిరిగి దిగిపోతుంది కూడా. ఈ వారంలోనే రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోని కంటి విభాగానికో, తిరుపతి అరవింద్ కంటి ఆసుపత్రికో, లేదా మీరు చూపించుకున్న డాక్టరు దగ్గరికే వెళ్ళి, ఐదు వారాలు వేసిన మాట చెప్పి, ఒత్తిడి కొలిపించుకుని, కంటి నరం కూడా చూడమనండి. ఆ సీసా చూపించండి. ఎరుపు పోవడానికని ఇచ్చే ఇతర చుక్కలూ సొంతంగా కొనకండి, కొన్ని ఆపగానే ఎరుపు మునుపటికంటే ఎక్కువగా తిరిగివస్తుంది.

చక్కెర జబ్బు కంటి నాడులను మొద్దుబార్చి కన్నీటిని తగ్గించగలదు. మీ వయసులో, నాన్నగారికి ఉన్నందున, రక్తపరీక్ష తప్పక చేయించుకోవాలి. నాన్నగారికి మాత్రం ఏడాదికొకసారి కంటిపాప పెద్దదయ్యే మందు వేసి కంటి లోపలి వెనుక పొర (రెటీనా) చూపించడం మానకండి. అద్దాల నంబరు చూపించుకున్నంత మాత్రాన అది చూపించినట్టు కాదు.

నందివర్ధనం పూలు కడిగి, మూసిన రెప్పల మీద పెట్టుకుంటే మీ అమ్మగారి మాట నిలుస్తుంది. రసం కంట్లో పడకుండా చూసుకోండి. పూల చల్లదనం వేరు, నూనె కరిగించే వేడి వేరు కనుక కాపడానికి అది బదులు కాదు. వెలుతురు చూడలేకపోవడం, ఒక కన్నే తీవ్రంగా నొప్పి పెట్టడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, రెప్ప కొట్టినా తొలగని మసక, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళండి.

చుక్కలు ఎన్నాళ్ళని అడిగారు. నూనె పొర కుదురుకునే కొద్దీ తగ్గించుకోగలిగినవాళ్ళను చాలామందిని చూశాను, ఎండాకాలంలోనూ పద్దులు ముగించే మార్చి నెలలోనూ మళ్ళీ అవసరపడవచ్చు. మంట పుట్టాక వేయడం కంటే, పనిలో కూర్చునే ముందే వేసుకోండి. కింది రెప్ప లాగి, సీసా మొన వెంట్రుకలకు తగలకుండా ఒకే చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్కనున్న మూల మీద వేలితో ఒక నిమిషం మెత్తగా ఒత్తి ఉంచండి. రెండో మందు ఏదైనా ఇస్తే ఐదు నిమిషాలు ఆగి వేయండి. సీసా మూత తీసిన తేదీ దాని మీదే పెన్నుతో రాసుకుని, మందు మిగిలినా నెల దాటాక పారేయండి. అలమారలో ఉన్న ఆ పాత సీసాను డాక్టరుకు చూపించాక ఇంట్లో ఇంకెవరూ వాడకుండా తీసివేయండి.